మీసాల పందెం

"పొడుగోడేనండి బావగారూ. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఓడలేదు," అన్నాడు దానం, పేపర్లో వేసిన బాక్సర్ల ఫొటో మీద వేలు పెట్టి.

"పొట్టోడు మాత్రం ఎవరి చేతిలో ఓడేడండీ?" అన్నాడు అక్క మొగుడు కృపారావు. "రేపు టైటిలు పొట్టోడిదే. రేడియోలో చెప్తారుగా. మనలో ఓడినోళ్లు మీసం తీసెయ్యాలి."

"ఆయ్, అలాగేనండి."

ఆ రెండు మీసాలకూ ఇంతవరకూ కత్తెరే తప్ప కత్తి తగల్లేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకి కూర్చోగానే దానం, తల్లి సువార్తమ్మ చెవిలో, "అమ్మా, పొడుగోడి కోసం ఓ మాట చెప్పవే," అన్నాడు. తీరా చూస్తే, అవతలి చెవిలో బావ పొట్టోడి కోసం చెబుతున్నాడు.

సువార్తమ్మ కళ్లు మూసుకుంది. పాస్టరుగారినీ, ఈనబోయే గేదెనీ దేవుడికి అప్పగించాక బాక్సర్ల దగ్గరికి వచ్చింది.

"ప్రభువా, ఆ ఇద్దరు పిల్లల్లో రేపు ఒకడు ఓడిపోతాడు. పాపం, వాడికి ఓడటం అలవాటు లేదు. ఇంటికెళ్లి నలుగురికీ మొహం చూపించే ధైర్యం ఇయ్యి తండ్రీ. నవ్వేవోళ్ల నోళ్లు నువ్వే ముయ్యి."

దానం కళ్లు తెరిచాడు. బావ కూడా తెరిచే ఉన్నాడు. ఇద్దరి చేతులూ మీసాల మీదున్నాయి.

"ఆమెన్," అన్నారిద్దరూ, ఎన్నడూ లేనంత గట్టిగా.