దారిలో ఎక్కడా ఆగరాదు

మూడో రోజు కూడా ఆ స్కూటరు వెనకే ఉంది.

వ్యాను డ్రైవరు అద్దంలో మళ్లీ చూశాడు. నల్ల హెల్మెట్, బూడిదరంగు జర్కిన్. పొద్దున్నే మొదటి పిల్ల ఎక్కగానే తగులుకున్నాడు. వ్యాను ఆగితే ఆగుతున్నాడు, కదిలితే కదులుతున్నాడు. పక్కకి మాత్రం రాడు. పిల్లల కిటికీలకి కనపడకుండా జాగ్రత్తగా బండి వెనకాలే ఉంటాడు.

“మేనేజరు మనిషే అన్నా,” అంది ఆయా, ఎనిమిది మంది పిల్లల బెల్టులూ సరిచూస్తూ. “నీ ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారు.”

డ్రైవరుకీ అదే అనుమానం.

పదకొండేళ్ల కిందట ఈ పిల్లల సెంటరంటే ఒక సైకిల్ షాపు వెనక రేకుల గది. మాటలు రాని పిల్లలు, నడవలేని పిల్లలు, చిన్న చప్పుడికే బెదిరే పిల్లలు, అంతా కలిపి ఆరుగురు. ఒక టీచరమ్మ, ఒక పాత వ్యాను, అతను. కుర్చీ కాలు ఊడితే అతనే మేకు కొట్టేవాడు. ఇప్పుడది మూడంతస్తుల భవనం. లిఫ్టు, తొంభై మంది పిల్లలు, నాలుగు వ్యాన్లు, వాటన్నిటి నెత్తినా ఒక మేనేజరు. టీచరమ్మతో మాట్లాడాలంటే పై అంతస్తుకి చీటీ పంపాలి. సెంటరు పెరుగుతుంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది అతనే. పెరిగిన సెంటరులో తనకి చోటు ఇరుకైపోతుందని అప్పట్లో తట్టలేదు.

మేనేజరు వస్తూనే ప్రతి డ్రైవరుకీ దారి గీసిన కాగితం ఒకటి ఇచ్చాడు. అడుగున లావు అక్షరాలు: పిల్లలు ఎక్కాక దారిలో ఎక్కడా ఆగరాదు. ఫోను మాట్లాడటానికి ఒక్క నిమిషం ఆపాడని మూడో వ్యాను డ్రైవరుని ఇంటికి పంపేశాడు కూడా.

మనవాడికి ఉన్నది ఒకే ఒక్క దురలవాటు. పోస్టాఫీసు మలుపులో టీ కొట్టు దగ్గర బండి ఆపుతాడు. దిగడు. కొట్టామె గ్లాసు తెచ్చి కిటికీలోంచి అందిస్తుంది. నాలుగు గుక్కలు, అంతే. కాగితం వచ్చిన రోజు నుంచీ రేపు మానేస్తాను, ఎల్లుండి మానేస్తాను అనుకుంటూనే ఉన్నాడు.

నాలుగో రోజు టీ తాగుతూ అద్దంలోకి చూశాడు. హెల్మెట్‌వాడు దూరంగా ఆగి, వాచీ చూసుకుని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. డ్రైవరు సగం టీ అలాగే వదిలేశాడు.

ఆ రోజే మేనేజరు వరండాలో ఎదురయ్యాడు. దారిలో ఎక్కడా ఆపట్లేదు కదా అని అడిగాడు. ఊరికే అడుగుతున్నానని కూడా అన్నాడు. అలాంటి మాట ఊరికే ఎవరడుగుతారు? డ్రైవరు లేదండీ అనేశాడు. అనేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. యాభై ఆరేళ్ల మనిషికి ఇంకెవరు పిలిచి పని ఇస్తారు? పని సంగతి అలా ఉంచినా, ఈ పిల్లల్ని చూడకుండా పొద్దు ఎలా గడుస్తుంది? అతని భయమంతా అదే.

ఐదో రోజు ఆపలేదు. కొట్టామె గ్లాసు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చి అలాగే నిలబడిపోయింది. ఆ పూట వ్యానులో ఒకటే గోల. ఇద్దరు ఒకే టోపీ కోసం కొట్టుకున్నారు. డ్రైవరు వెనక సీటులో ఇంకెవరినీ కూర్చోనివ్వదని అందరూ మహారాణి అని పిలిచే తొమ్మిదేళ్ల పిల్ల, రెండు నెలలుగా అమ్మమ్మ తెచ్చి ఎక్కించే పిల్ల, సెంటరు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. ఇంకొకడు ఆయా చీర మీదే వాంతి చేసుకున్నాడు. ఎండ అలా ఉంది మరి, అంది ఆయా.

పిల్లలంతా లోపలికి వెళ్లాక స్కూటరు తిన్నగా గేటు దగ్గరకే వచ్చి ఆగింది. హెల్మెట్ తీశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. చేతిలో అదే పుస్తకం.

“ఇవాళ టీ కొట్టు దగ్గర ఎందుకు ఆపలేదండీ?”

ఎంత తెలివిగా అడిగాడో చూడండి. ఇవాళ ఆపలేదంటే రోజూ ఆపుతున్నానని ఒప్పుకున్నట్టే. డ్రైవరుకి ఒళ్లు మండింది. ఈ దొంగచూపుల కంటే తాడో పేడో తేల్చుకోవడమే నయమనిపించింది.

“రోజూ ఆపుతాను. పదకొండేళ్లుగా ఆపుతున్నాను. రాసుకో.”

అతను నిజంగానే పెన్ను తీశాడు. ఇంజను ఆర్పేస్తారా అని అడిగాడు. ఆర్పేస్తానన్నాడు. హారన్ కొడతారా? రెండుసార్లు. గ్లాసు ఏ చేత్తో అందుకుంటారు? కుడి చేత్తో. కొట్టామె ఏమైనా అంటుందా?

డ్రైవరు పళ్లు కొరికాడు. “చక్కెర సరిపోయిందా బాబాయ్ అంటుంది. తక్కువైంది అంటాను. రోజూ ఇదే. ఇదీ రాసుకో.”

అదీ రాసుకున్నాడు, అక్షరం పొల్లుపోకుండా. పోలీసులు కూడా ఇంత ఆరా తీయరు.

డ్రైవరు వ్యాను తాళంచెవి తీసి స్కూటరు సీటు మీద పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

“ఆ పుస్తకంతో పాటు ఇదీ మేనేజరుకి ఇచ్చెయ్. ఇన్నేళ్లలో ఏ పిల్లకీ చిన్న గీత కూడా పడలేదని ఒక్క మాట చెప్పు చాలు.”

అతను తాళంచెవి తీసి మళ్లీ డ్రైవరు చేతిలోనే పెట్టాడు.

“మేనేజరుకెందుకు బాబాయిగారూ, ఆదివారం మీ వ్యాను రాదు కదా, మీ వెనక సీటులో కూర్చునే మా అమ్మాయిని నేనే స్కూటరు మీద ఈ దారంతా తిప్పుతాను, ఆ టీ కొట్టు మలుపు రాగానే ఎందుకు ఏడుస్తుందో చెప్పడం దానికి రాదు, నాకేమో ఇవాళ్టిదాకా తెలియలేదు.”