మేక కొరికిన పుస్తకం

సారపాకలోని ఆ పాతకాగితాల గోదాములో మేస్త్రీ ముత్యాలుది వింత పద్ధతి. పనికి వచ్చిన ఆడవాళ్ల చేతుల్లో బలం చూడడు. అచ్చుకాగితం ఒకటి ముందు పెట్టి కళ్లు చూస్తాడు. కళ్లు వరస వెంట జరిగాయా, అంతే సంగతులు. "నువ్వు పోవమ్మా" అంటాడు.

లోకంలో ఎక్కడైనా చదువొచ్చినవాళ్లకు కొలువు. ఇక్కడ రానివాళ్లకే! పాత పుస్తకాల అట్టలు పీకి, కుట్లు తెంపి, కాగితాలు విడదీసి మిల్లుకు పంపే పని మరి. చదువొచ్చిన మనిషి చేతిలో పుస్తకం పడితే ఆ పూట పని గోవిందా.

1990లో ఓ పొద్దున, తండానుంచి పనికొచ్చిన ద్వాలి ముందు కూడా కాగితం పెట్టాడు.

"ఏం రాసుందమ్మా?"

"చీమలు పారినట్టుంది" అంది ద్వాలి. కళ్లు కాగితం మీద నిలబడ్డాయి తప్ప పక్కకు జరగలేదు.

ముత్యాలు నవ్వి లోపలికి పొమ్మన్నాడు.

నిజానికి ద్వాలి కూలి కోసం రాలేదు. కూలే కావాలంటే తండా పక్కన మిరపచేలు లేవా? ఆమె వచ్చింది ఒకే ఒక్క పుస్తకం కోసం. తమవైపు ఆశ్రమ పాఠశాలలోని పాత పుస్తకాలు మూటలు కట్టి ఈ గోదాముకే పంపారని ఎవరో అంటుంటే విన్నది. కొడవలి అక్కడే పడేసి బస్సెక్కింది.

ఇరవై ఏళ్ల కిందట అన్న హరిలాల్ ఎండాకాలం సెలవులకు ఆ బడినుంచి తెచ్చిన పుస్తకం అది. పొద్దున్నే అడవిలో తునికాకు కోత. ఇంటికొచ్చి కట్టలు కట్టాక ఇక ఇద్దరికీ అదే లోకం. పందిరి గుంజకు ఆనుకుని అన్న, ఎదురుగా బాసింపట్టు వేసుకుని ద్వాలి, మధ్యలో పుస్తకం. ఒకనాడు మేక వచ్చి అట్ట మొత్తం నమిలేసి లోపలి కాగితాల మూల కూడా కొరికింది. అమ్మ మేకను ఏమీ అనలేదు. "దానికన్న కడుపు నిండింది. గా కాయితాలతోని మీకేం నిండుతదే?" అని వీళ్లనే తిట్టింది.

ఊరి మీద అలిగి ఓ వాగు వెళ్లిపోయింది. దాన్ని బతిమాలి తేవడానికి ఓ చిన్నపిల్ల బయల్దేరింది. అదీ పుస్తకంలోని కథ. ఆ ఏడు తండా వాగులోనూ నీళ్లు లేవు. ఆ పిల్లను తానే అనుకుంది ద్వాలి. తింటున్నా అదే ధ్యాస, ఆకు కోస్తున్నా అదే ధ్యాస. రోజూ అన్న మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాల్సిందే, లేకపోతే ఊరుకునేది కాదు. మాట పొల్లుపోకుండా కంఠతా వచ్చేసింది.

పిల్ల చివరికి వాగును చేరుకుంది. "మా ఊరికి రావా?" అని అడిగింది. అక్కడ అన్న ఓ తునికాకు పెట్టి పుస్తకం మూశాడు.

"జర ఆగరాదు అన్నా, రెండు కాయితాలే ఉన్నయ్!"

"రేపటికి ఉండనియ్యవే" అన్నాడు.

మర్నాడు హరిలాల్‌కు చలిజ్వరం. మంచం మీద భద్రాచలం దవాఖానాకు మోసుకుపోయారు. దక్కలేదు. బడి సారు పలకరించడానికి వచ్చి, పాపం మంచివాడే, పోతూ పోతూ పుస్తకం తీసుకుపోయాడు. సర్కారు సొమ్ము కదా.

ద్వాలికి పెళ్లయింది. పెనిమిటి పోయాడు. వాగు తిరిగొచ్చిందా లేదా అన్న దిగులు మాత్రం పోలేదు.

గోదాములో మూట విప్పినప్పుడల్లా పుస్తకాల మూలలు తడిమేది. పక్కన కూర్చునే ఖతీజా ఆటపట్టించేది.

"ఏందక్కా, మూలల్ల బంగారం దాచిండ్రా?"

"అవ్, మా అన్న దాచిండు."

ఓ మధ్యాహ్నం దొరికింది! అట్ట లేదు. మేక కొరికిన మూల అట్లాగే ఉంది. చివర్లో ఓ పేజీ మీద తునికాకు మరక.

ఇక ద్వాలికి మేస్త్రీ గుర్తులేడు, పని గుర్తులేదు. కొరికిన మూల చిన్నప్పుడు కనబడిన వైపుకే వచ్చేట్టు పుస్తకాన్ని తిప్పుకుంది. పెదాలు కదిలాయి. "ఒక ఊరి మీద వాగు అలిగింది..." ఎక్కడ తిప్పాలో సరిగ్గా అక్కడ పేజీ తిప్పింది. ఖతీజా నోరు తెరుచుకుని వింది. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా చేతిలో పని ఆపేశారు.

"మా ఊరికి రావా? అని అడిగింది పిల్ల."

మరకున్న పేజీ వచ్చింది. ద్వాలి గొంతు ఆగిపోయింది. కాగితం వంక చూసీ చూసీ బావురుమంది.

"తర్వాతేమైందక్కా? చదువు!" అంది ఖతీజా.

అప్పటికే మేస్త్రీ నెత్తిమీద నిలబడి ఉన్నాడు.

"చీమలు పారినట్టుందన్నవ్ గదనే! గింత చదువు దాచిపెట్టి నా కండ్లల్ల కారం కొడ్తవా?"

"నాకు అచ్చరం ముక్క రాదు మేస్త్రీ."

గోదామంతా గొల్లున నవ్వింది. ఖతీజా కూడా నవ్వింది.

"నీ కాల్మొక్త. నా కూలి నువ్వే ఉంచుకో. ఆఖరి రెండు కాయితాలు ఇయ్యి."

ముత్యాలు పుస్తకం లాక్కుని, కుట్టు పుటుక్కున తెంపి కుప్పలోకి విసిరాడు. కుప్ప లారీకెక్కింది. లారీ మిల్లుకు పోయింది. ద్వాలి గేటు బయట కూర్చుని అది పోయినవైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేండ్ల సంది కండ్లు చూసి పట్టుకుంటున్న. చదువొచ్చిన ఈ ఒక్కదాని చేతుల్నే మోసపోయిన" అని ముత్యాలు చాలా రోజులు చెప్పుకున్నాడు.

అన్నకు ఎదురుగా కూర్చుని చూసిన నాటిలాగే ఆమె ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుందని కనిపెట్టడానికి, మేస్త్రీతో సహా ఆ గోదాములో అక్షరమొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.