ఒంటిగంటకు వచ్చే మాట

అమ్మా సంగీతా,

నా రాత వంకర, తప్పులూ ఎక్కువే. ఏమనుకోకు. పంజాగుట్ట ఆఫీసులో మీకు చాయ్ ఇచ్చిన మొగిలయ్యను.

నేను రిటైరైనా ఫోనులోని ఆఫీసు చాట్ గ్రూపులోంచి నా పేరు ఎవరూ తీయలేదు. రోజూ ఒంటిగంటకు నీ పేరు మీద "మొగిలన్నా, తిన్నవా?" అని వస్తుంది. అది వచ్చాకే ఈ బోరబండ గదిలో కంచం ముందు కూర్చుంటాను. "తిన్న బిడ్డా" అని జవాబు పెడతాను.

నిన్న అమీర్‌పేటలో మన టీమ్ లీడర్ సారు కనబడితే నీ సంగతి అడిగాను. ఆయన నవ్వాడు.

"సంగీత కంపెనీ మారి ఆర్నెల్లాయెనే! అడిగేది బాట్ అన్నా, మిషిను. పోయేముందు ఆమెనే పెట్టిపోయింది. టైముకు దానంతటదే అడుగుతది. బంద్ చేయిస్త తియ్."

"జర ఉండనియ్ సార్" అన్నాను.

ఇవాళ కూడా అడిగింది. "తిన్న" అనే పెట్టాను. తినలేదు. నువ్వయితే అబద్ధమని పట్టేసేదానివి.

నీ అడ్రసు సారే ఇచ్చాడు. "తిన్నవా" అని నీ చేత్తో ఒక్క ముక్క రాయమ్మా. నీ రాత కూడా వంకరగా ఉండి, రెండు మూడు కొట్టివేతలు ఉంటే, అడిగింది నువ్వేనని నమ్ముతాను. తొందరగా రాయి.

మొగిలయ్య