మొదటి రేక

కల్లు గీసే ఇంటికి అల్లుడై వచ్చి, దసరా నాడు కల్లు వద్దన్న మొనగాడిని ఎవరైనా చూశారా? కేసముద్రం పక్క ఊళ్లో కాటమయ్య చూశాడు. చూసి నిప్పులు చెరిగాడు.

ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. పండుగ నాడు మొదటి రేక, అంటే తాటాకు దొన్నెడు కల్లు, అల్లుడిది. అల్లుడి పెదవి తడవనిదే ఆడా మగా ఎవరూ కల్లు లొట్టి ముట్టకూడదు. చుట్టాలంతా తాటాకు రేకలు పట్టుకుని వాకిట్లో వరసగా కూర్చున్నారు. యాట కూర చల్లారిపోతోంది.

“వద్దు మామా” అన్నాడు రాజేందర్ మళ్లీ.

“నా చేతులతోటి గీసిన అసలు కల్లు గిది! మందు గిట్ల కలిపిన్నా? తల్లిపాల లెక్క. జనగామల నౌకరి దొరకంగనే మా కల్లు వాసనొస్తుందా నీకు?”

రాజేందర్ అసలు రావద్దనే అనుకున్నాడు. కానీ దసరాకు రాకపోతే ఊరంతా ఆరా తీస్తుంది. డాక్టరమ్మ మాట చెవిలో గింగురుమంటోంది. “పండుగలే గండం. ఒక్క గుక్క దిగిందా, పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే.”

బామ్మర్ది దిలీప్ లేచాడు. “పోనీ తాగకు బావా. ఉత్తగ పెదవికి తాకియ్యి చాలు. ఈడ మా నాలుకలు పీకుతున్నయ్.”

“తాకియ్య.”

“ఎంత పొగరు! నువ్వు తాగవు, మమ్ముల తాగనియ్యవు.”

చూసేవాళ్లకు పొగరే మరి. పెద్దమనిషొకాయన కాండ్రించి ఉమ్మేశాడు.

అంతలో రాజేందర్ భార్య కల్యాణి వంటింట్లోంచి దూసుకొచ్చింది. ముఖమంతా చెమట. “ఒక్క రేకకు చచ్చిపోతవా? తాగు! నలుగురి ముంగట మా బాపు ఇజ్జత్ తీస్తున్నవ్. తాగు, నీ కాళ్లు మొక్కుత.” ఆమె చేతులు వణుకుతున్నాయి.

ఎవరెన్ని అన్నా ఓర్చుకున్న రాజేందర్‌కి ఈ మాటకు మాత్రం ఒళ్లు మండింది. “నోర్మూసుకొని లోపలికి పో!” అని అరిచాడు.

“నా వాకిట్ల నిలవడి నా బిడ్డనే అరుస్తవా!” కాటమయ్య లొట్టి ఎత్తి నేలకేసి కొట్టాడు. పండుగ కల్లంతా మట్టిలో ఇంకిపోయింది. “నడువ్! మళ్ల నా గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడత.”

పండుగ పూట పస్తు కడుపుతో రాజేందర్ బండి బయటికి తీశాడు. కల్యాణి ఏడుస్తూ సంచి తెచ్చుకోవడానికి లోపలికెళ్లింది. అత్త లచ్చమ్మ గోడ చాటు నుంచి వచ్చి అల్లుడి చెయ్యి పట్టుకుంది.

“నిజం చెప్పు బిడ్డా. తాగుడుకు మరిగినవా ఏంది? మొన్న దవాఖానల ఉన్నరంటే జరమనుకున్న. గిందుకేనా?”

రాజేందర్ తల వంచుకున్నాడు. “అవునత్తమ్మా. మానిపిచ్చిండ్రు. ఎవ్వరికీ చెప్పకు.”

“థూ! నా బిడ్డ గొంతు కోసినవ్ గదయ్యా.” లచ్చమ్మ అతని చెయ్యి విదిలించి కొట్టింది.

అతను బండెక్కి కల్యాణి కోసం చూశాడు.

ఆ దవాఖానలో తాగుడు మాన్పించమని మంచమెక్కింది కల్యాణి. రాజేందర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నవాడు.