క్లాసు చెడగొట్టిన మళ్ళీగారు

"సార్, మళ్ళీ చెప్పండి."

తెర మీద ఆ మూడు ముక్కలూ పడగానే మిరపకాయకి ఒళ్ళు మండిపోయింది.

ముక్కు మీద కోపం కాబట్టి ఇంట్లో ఆమెకి ఆ పేరే స్థిరపడింది. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని, సాయంత్రం ఆన్‌లైన్‌లో కెమిస్ట్రీ క్లాసు. నర్సింగ్ ప్రవేశపరీక్ష ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక జన్మంతా ఆ దుకాణంలో అద్దాలు తుడుచుకోవడమే.

"మీకు ఏది అర్థం కాలేదండీ?" మాస్టారు అడిగారు.

తెర మీద మళ్ళీ అవే ముక్కలు పడ్డాయి.

ఆ మనిషి ఎప్పుడూ అంతే. ముఖం చూపించడు, గొంతు వినిపించడు, పేరు కూడా పెట్టుకోడు. తెర మీద సీటు నంబరొక్కటే కనిపిస్తుంది. ఏది అర్థం కాలేదో చెప్పి చావడు. మాస్టారు పాపం మళ్ళీ మొదటికొస్తారు.

క్లాసంతా కలిసి అతనికి 'మళ్ళీగారు' అని పేరు పెట్టింది.

క్లాసు కాగానే మిరపకాయ ముందుగదిలోకి దూసుకొచ్చింది. ప్యాంట్లకి అంచులు కుట్టే వదిన, మిషన్ ఆపేసి ఫోను పట్టుకుని కూర్చుంది.

"నేను చదువుకుంటుంటే నీకు ఫోనులో కాలక్షేపమా వదినా? అంట్లన్నీ అలాగే పడున్నాయి!"

"మిషన్ చప్పుడు అడ్డమని నువ్వే కదే అరిచింది?"

"అరిస్తే? అంట్లు తోమడానికేం చప్పుడు?"

వదిన లేచింది. "ఇంతకీ పాఠం అర్థమైందా?"

"ఎందుకవదు? ఆ మొద్దు కోసం ఒకటికి రెండుసార్లు చెప్పారుగా!"

అసలు చేరేటప్పుడే వదిన అడ్డుపుల్ల వేసింది.

"ఆన్‌లైన్ నీకు పడదు అమ్మాయ్. నా మీదైతే ఇల్లు పీకి పందిరేస్తావు గానీ, బయటివాళ్ళ ముందు నీ నోరు పెగలదు. కొట్లో బిగుతు చెప్పులిస్తే మార్చమని అడగలేక కుంటుకుంటూ తిరిగావు. ఎదురుగా ఉంటే మాస్టారు నీ మొహం చూసి కనిపెడతారు. ఇక్కడ కెమెరా కూడా పెట్టనంటివి."

"నేను నర్సునైపోతానని నీకు కళ్ళు కుడుతున్నాయి!"

"ప్యాంట్లు కుట్టుకోవడానికే తీరిక లేదు, ఇంక కళ్ళు కూడానా?" అని వదిన నవ్వేసింది.

ఆ నవ్వు మిరపకాయకి ఇంకా మండింది. పంతం పట్టి చేరింది. అర్థం కాని చోట, మైకు ఆపే ఉంది కదా అని, "అబ్బబ్బ, ఇదేం గోల!" అని గది ఎగిరిపోయేలా విసుక్కునేది. అయినా క్లాసులో పరీక్ష పెట్టినప్పుడల్లా మార్కులు బాగానే వచ్చాయి. ఆ మార్కులు తీసుకెళ్ళి వదిన మొహం ముందు ఆడించేది.

అంట్ల గొడవైన మర్నాడు ఒకే పాఠంలో మళ్ళీగారు మూడోసారి తయారయ్యాడు.

మిరపకాయ ఇక ఆగలేకపోయింది. క్లాసులో ఆమె ఒక ముక్క రాయడం అదే మొదటిసారి.

"సార్, ఈ ఒక్క మనిషి కోసం మా అందరి టైమూ తగలేస్తున్నారు. ఈయన్ని తీసేయండి. లేదా మమ్మల్ని వదిలేయండి."

క్లాసంతా వంత పాడింది. కాసేపటికి మళ్ళీగారి సీటు నంబరు తెర మీద నుంచి మాయమైంది.

మిరపకాయ గెంతుకుంటూ ముందుగదిలోకి వెళ్ళింది. "తీయించేశాను వదినా!"

"ఎవర్ని?"

"ఆ మళ్ళీగారిని. పీడ విరగడైంది!"

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. "మరి రేపు నీకేదైనా అర్థం కాకపోతే?"

"ఇన్నాళ్ళూ నాకు అర్థం కానిదేదైనా ఉందా? చూశావుగా మార్కులు!"

మర్నాటి నుంచి క్లాసు వేళ కూడా వదిన మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

"కావాలనే చేస్తున్నావు!" మిరపకాయ గోడ అదిరేలా అరిచింది.

"కుట్టాల్సినవి గుట్టలా పేరుకుపోయాయే," అంది వదిన.

క్లాసు ఇప్పుడు గుర్రంలా పరిగెత్తింది. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. మిరపకాయ తలుపు మూసుకుని విసుక్కుంది, బల్ల గుద్దింది, చివరికి ఏడ్చింది. మాస్టారు మాత్రం ఆగలేదు. తర్వాతి పరీక్షలో సగం ప్రశ్నలు తలా తోకా తెలియలేదు.

ఫెయిలైంది.

చివరికి వదిన మాటే నెగ్గిందన్న కడుపుమంటతో ఇన్‌స్టిట్యూట్‌కి ఫోను చేసింది. ఆఫీసులో పనిచేసే ఆవిడ ఎత్తగానే పేరు చెప్పుకుంది.

"ఆన్‌లైన్ నాకు పడదండీ. నా సీటు తీసేయండి."

"అదేంటమ్మా, మంచి మార్కులే వచ్చేవిగా?"

"ఒక్క ముక్క అర్థం కావట్లేదు. మాస్టారు ఎక్కడా ఆగట్లేదు."

"ఆపి అడగొచ్చుగా?"

మిరపకాయ నోరు పెగల్లేదు. అడగడం తన వల్ల కాదని ఈసారి తనకే తెలిసింది. ఉన్న కోపమంతా తన మీదికే తిరిగింది.

"ఇదివరకు ఒకాయన అడిగేవారండీ," అంది. "ఆయన అడిగినప్పుడల్లా నాకూ అర్థమయ్యేది. తీయించింది నేనే. ఆయన్ని తిరిగి చేర్చుకోండి."

"ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశామమ్మా. అయినా ఆయన కాదు, ఆవిడ. కెమిస్ట్రీలో ఓనమాలు కూడా రావు."

"రాకపోతే ఎందుకు చేరినట్టు, మా ప్రాణం తీయడానికా?"



"చెప్పొద్దంది గానీ, ఇంక దాచి ఏం లాభం? 'మా ఆడపడుచు అర్థం కాకపోయినా అడగదండీ, తను విసుక్కోవడం గోడకి ఇవతల నాకు వినిపిస్తుంది, తన బదులు నేను అడుగుతాను' అని చేరిందమ్మా మీ వదిన."