తెల్ల ఇసుక బాట

అడవిలోని నల్లరేగడి బాట మీద ఎంత వెలుగు పడినా ఇంకిపోయేది. జంతువులకు దారి చూపడానికి మిణుగురులన్నీ రాత్రంతా వెలిగి సోలిపోయేవి. అది చూడలేక ముళ్లపంది వాగు నుంచి తెల్ల ఇసుక మోసుకొచ్చి బాటంతా పరిచింది. బాట ధగధగ మెరిసింది.

అంతలో పిల్లలతో ఆకాశంలో ఎగిరిపోతున్న బాతు పైనుంచి అరిచింది. "ముళ్లపందక్కా, బాట మీది వెలుగంతా ఆకాశానికి కొడుతోంది. చుక్కలు కనబడక నా పిల్లలు దారి తప్పుతున్నారు!"

"ఇసుక ఎత్తేద్దామా?" అంది బాట మీద వెళ్తున్న కుందేలు దిగులుగా.

"వద్దు" అంటూ ముళ్లపంది మిణుగురుల వైపు తిరిగింది. "తెల్ల బాటకు మీలో సగం మంది చాలు. మిగతావాళ్లు వెలుగు ఆర్పి హాయిగా పడుకోండి."

అయినా బాట చక్కగా కనబడింది. పైన చుక్కలు తేలాయి, బాతులు సాగిపోయాయి. ఆకుల మీద వెల్లకిలా పడుకున్న మిణుగురులు మొదటిసారి ఆకాశాన్ని చూశాయి.

"ముళ్లపందక్కా, పైన మనవాళ్లు ఇంతమంది ఉన్నారా!"