ఐదో చుట్టు

"మళ్లీ తిరుగు నాన్నా. నిదానంగా."

డాబా మీద నాన్న డ్రోన్‌ను గుండెకు ఆనించుకుని నాలుగోసారి గుండ్రంగా తిరిగాడు. కూతురి చేతిలోని ఫోన్ మళ్లీ ఎర్ర గుర్తు చూపించింది. అలా తిప్పితేనే దిక్కులు పోల్చుకుని ఎగరాల్సిన డ్రోన్‌కు ఇంకా దిక్కులు అందలేదు.

"నాసిరకం సరుకు. వాపసిచ్చెయ్, అమ్మడూ."

ఆమె పళ్లు బిగబట్టింది. నెల కిందట కొట్టు అమ్మేసినప్పటి నుంచి ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. ఏదో ఒక వ్యాపకం ఉంటుందని ఆమే దీన్ని కొనితెచ్చింది.

"దగ్గర్లో ఇనుము ఉంటే ఇలాగే అవుతుందట. జేబులో ఏముంది?"

"ఏముంటుంది? ఏమీ లేదు!" అంటూ ఆయన విసురుగా అటు తిరిగాడు. చొక్కా జేబు గలగలమంది.

ఇక తప్పక, బరువైన తాళంచెవుల గుత్తి బయటికి తీశాడు. కొట్టు తాళాలవి.

"కొట్టు కొన్నాయనకు ఇవి ఇచ్చేశానన్నావుగా!"

"ఇవ్వబోయాను. అక్కర్లేదన్నాడు. తాళాలన్నీ కొత్తవి వేయించుకున్నాడట."

ఆమె చెయ్యి చాచింది. గుత్తి మీద ఆయన పిడికిలి బిగుసుకుంది.

చాచిన చేతిని ఆమె పక్కకు జరిపి, ఆయన రెండో చేతిలోని డ్రోన్‌ను అందుకుంది.

"నువ్వు కాస్త అవతల నిలబడు నాన్నా. ఈసారి నేను తిరుగుతాను."